పచ్చదోమ పెళ్ళాం

"మీ ఆవిడతో చెప్పు, పాలు పొంగుతున్నాయని," అంది అత్తగారు.

"మీ అమ్మగారితో చెప్పండి, పొయ్యి ఎప్పుడో కట్టేశానని," అంది కోడలు.

ఇద్దరికీ మధ్య ఉన్నది రెండు మూరల దూరం. ఆ రెండు మూరల్లోనే ఒక కుర్చీ, ఆ కుర్చీలో బూట్ల లేసు కట్టుకుంటున్న కొడుకు. అతను తల ఎత్తలేదు. మూడు రోజులుగా ఆ ఇంట్లో అతను కొడుకూ కాదు, మొగుడూ కాదు. టపా.

"ఇద్దరికీ వినపడింది కదా," అన్నాడు నేలవైపు చూస్తూ.

"నాకేం వినపడలేదు," అంది తల్లి.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. లేచి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగుతాను. నన్ను లాగడానికి మాత్రం ఎవరూ రారు," అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

తలుపు మూసుకుంది. టపా మోసేవాడు లేడు కాబట్టి మాటలు పూర్తిగా ఆగిపోయాయి.

ఇదంతా ఆదివారం భోజనాల దగ్గర మొదలైంది. కోడలు కాలేజీలో పురుగుల గది చూసుకుంటుంది. గాజుమూతల పెట్టెల్లో, సూదులకి గుచ్చి, ఒక్కోదాని కింద ఒక్కో చీటీతో నలభై వేల పురుగులు. ఆ గది ఖాళీ చేయించి విరిగిన కుర్చీలు పడేసుకుందామని ప్రిన్సిపాలు చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ గదిలోంచి కొత్త సంగతి ఒక్కటీ బయటికి రాలేదని ఆయన వాదన. ఎనిమిది నెలల కిందట, ఆ గొడవ మొదలైనప్పుడే, కోడలికి ఒక పచ్చదోమ దొరికింది. పేరుకే దోమ. ఆకు అడుగున కూర్చుని రసం పీల్చే పురుగు. బియ్యపుగింజలో సగం ఉంటుంది. చెయ్యి దగ్గరికి తెస్తే ముందుకి పోదు, పక్కకి నడుస్తుంది. ఇంకా దగ్గరికి తెస్తే గెంతేస్తుంది. ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అది. వర్ణన సరిచేసి పంపితే శాస్త్ర పత్రికలో అచ్చవుతుందని ఇంట్లో మొదటిసారి చెబుతూ, సంతోషంలో ఒళ్ళు మరిచి, "పక్కింటి ద్రాక్ష పందిరి మీద దొరికింది అత్తయ్యా," అనేసింది.

అత్తగారి చేతిలో ముద్ద నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా 'పక్కిల్లు' అన్న మాట లేదు. 'గోడ అవతల' అంటారు. గోడ అవతల ఉండేది అత్తగారి సొంత చెల్లెలు.

అక్క దర్జీ. నలభై ఏళ్ళు కుట్టింది. వీధి మొత్తానికి ఆవిడ కత్తెరమ్మ. చెల్లెలు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ ఇంజక్షనమ్మ. రిటైర్మెంటు సభకి వేసుకోమని చెల్లెలికి అక్క కోటు కుట్టిపెట్టింది. సభలో, డాక్టర్లందరి ముందూ, చెల్లెలు రెండు చేతులూ చాపి, "ఎడమ చెయ్యి పొడుగైందే అక్కా," అంది.

"కోటు సరిగ్గానే ఉంది. నీ చెయ్యే పొట్టి," అంది అక్క.

అంతే. మర్నాడు గోడ మీద ఇంకో రెండు వరసల ఇటుకలు లేచాయి.

అలాంటి గోడని కోడలు దాటింది. దాటడమంటే వీధి గుమ్మంలోంచే వెళ్ళింది, వలా గొట్టమూ పట్టుకుని. అయినా దాటినట్టే.

ఇప్పుడు బుధవారం. గురువారం సాయంత్రంలోగా వర్ణన సరిచేసి పత్రిక సంపాదకుడికి పంపాలి. పురుగుల గదికి కరెంటు మరమ్మతు పేరు చెప్పి ప్రిన్సిపాలు తాళం వేయించాడు కాబట్టి, సూక్ష్మదర్శిని ఇంటికి వచ్చింది. అత్తగారు గుడ్డలు కత్తిరించే పెద్ద బల్లకి ఒక కొసన అది, ఇంకో కొసన కుట్టుమిషను. కోడలు ఈ కొసన కూర్చుంది. అత్తగారు ఆ కొసన కూర్చుని దిండుగలీబు కుడుతోంది.

సంపాదకుడి ఉత్తరం కోడలి మోచేతి కింద ఉంది. 'మీ వర్ణన చదివి ఈ పురుగుని దాని దాయాదుల్లోంచి ఏరడం కష్టం. స్పష్టంగా రాయండి. ఆడదాని వర్ణన మరొకసారి సరిచూడండి.' మూడే ముక్కలు. పది రోజుల నుంచి అవి చూస్తూనే ఉంది.

రాసింది పైకి చదువుకోవడం కోడలి అలవాటు.

"తల కొంచెం మొద్దుగా ఉండును. తలపై చుక్కలు కొద్దిగా పెద్దవి. రెక్కలు దాదాపు పారదర్శకములు, అంచు కాస్త ముదురు."

కుట్టుమిషను చక్రం నెమ్మదించింది.

"ముఖము ఇంచుమించు పసుపు, దిగువన ఒక మాదిరి చార."

"ఆపు," అంది అత్తగారు.

మూడు రోజుల్లో అది మొదటి మాట. కోడలు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాట వచ్చిన దారినే వెళ్ళిపోతుందేమోనని భయం.

"కొంచెం, కొద్దిగా, దాదాపు, కాస్త, ఇంచుమించు, ఒక మాదిరి," అత్తగారు ఒక్కో మాటకీ ఒక్కో వేలు మడిచింది. ఆరో మాటకి రెండో చెయ్యి కావాల్సొచ్చింది. "ఇలాంటి కొలతలు పట్టుకుని కుడితే నేను గౌను కుట్టమన్నచోట గొడుగు కుట్టేదాన్ని. కొంచెం అంటే ఎంత?"

"మరీ చిన్న పురుగు అత్తయ్యా."

"చిన్నదైతే కొలత ఉండదా? గుండీ చిన్నది కాదూ? కాజా దానికంటే ఒక్క నూలుపోగు పెద్దదిగా ఉండాలి. కొంచెం పెద్దది అని కోస్తే గుండీ ఊడి వీధిలో పడుతుంది."

"నాతో మాట్లాడుతున్నారా అత్తయ్యా?"

"నీతో కాదు. ఆ కాయితంతో మాట్లాడుతున్నాను."

కాయితంతో మాట్లాడుతూనే ఆవిడ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. కోడలు కుర్చీ ఖాళీ చేసింది. అత్తగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సూక్ష్మదర్శిని మీదికి వంగింది. కింద, చిన్న ముక్కోణపు అట్టముక్క మొనకి బంక చుక్కతో అతికించిన మగ పురుగు ఉంది.

ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది.

"దీన్ని కుట్టినవాడెవడో గానీ," అంది చివరికి, "చెయ్యి తిరిగినవాడు."

కోడలు చప్పుడు చెయ్యకుండా కలం అందుకుంది.

"తల మొద్దేమిటి నీ మొహం. గుండ్రంగా ముందుకొచ్చింది, బొటనవేలి గోరులా. మధ్యలో పొడవెంత?"

"కళ్ళ మధ్య వెడల్పులో మూడో వంతు."

"అది రాయక మొద్దు అంటావేం? రాసుకో. నల్లచుక్కలు రెండు. ఒక్కో చుక్కకీ కంటికీ మధ్య దూరం, చుక్క వెడల్పు ఎంతో అంత. వీపు మీద మూడు చారలు. మధ్య చార తెగింది, పక్కవి తెగలేదు. రెక్క అంచున గోధుమరంగు పైపింగు. చివరిదాకా వెయ్యలేదు, మలుపు దగ్గర ఆపేశాడు. దారం చాలలేదేమో."

"దారం సంగతి రాయనా?"

"నీ ఇష్టం. వెనక కాళ్ళకి ముళ్ళు వరసలుగా ఉన్నాయి. నాలుగు వరసలు. ఇవి లెక్కపెట్టావా?"

"పెట్టాను. రాయలేదు."

"లెక్కపెట్టి రాయకపోవడం లెక్కపెట్టకపోవడం కంటే దరిద్రం."

గంటలో రెండు పేజీలు నిండాయి. అత్తగారు నడుము నిమురుకుంటూ తల ఎత్తింది. "అయితే ఇంతకీ ఇది కొత్తదని ఎలా అన్నావు? ఈ చుక్కలూ చారలూ వేసుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. పైకి ఇలాగే ఉండే జాతులు ఐదున్నాయి. తేడా లోపల."

"లోపలంటే?"

కోడలు కలం మూత పెట్టింది, తీసింది. "మగదానికి పొట్ట చివర ఉంటుంది అత్తయ్యా. అవయవం. దాన్ని బట్టే జాతి తెలుస్తుంది."

"నలభై ఏళ్ళు మగాళ్ళ ప్యాంట్లకి కొలతలు తీసినదాన్ని. నా దగ్గర నీకు సిగ్గేమిటి? చూపించు."

గ్లిజరిన్ చుక్కలో దాచిన ఇసకరేణువంత ముక్కని కోడలు వెలుతురు కింద పెట్టింది. "మిగతా ఐదు జాతులకీ చివర్న ఒకటే కొక్కెం ఉంటుంది. దీనికి రెండు. ఒకటి పైకి వంగింది, ఒకటి పక్కకి."

అత్తగారు చూసింది. తల ఊపింది.

"ఒక కొక్కేనికి ఒక కాజా. రెండు కొక్కేలుంటే పాత కాజాలో పట్టదు. కొత్త జాతే," అంది.

ఆ ముక్క చెప్పడానికి కోడలి పుస్తకాల్లో ఒక అధ్యాయం పట్టింది.

"ఏదీ, వీడి పెళ్ళాన్ని చూపించు," అంది అత్తగారు. ఇప్పుడావిడ కాయితంతో మాట్లాడటం మానేసిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

కోడలు ఆడ పురుగుని పెట్టింది. అత్తగారు చూసింది. మగదాన్ని పెట్టమంది. మళ్ళీ ఆడదాన్ని పెట్టమంది. మళ్ళీ మగదాన్ని.

"ఈవిడ్ని ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"మన మేడ మీద దీపం దగ్గర పడింది. అది దొరికిన వారమే."

"మరి వీళ్ళకి పెళ్ళి ఎవరు చేశారు? నువ్వా?"

"రంగు ఒకటే, చుక్కలు ఒకటే కదా అని..."

"రంగు ఒకటే. గుడ్డ తాను వేరు." అత్తగారు కుర్చీలో వెనక్కి వాలింది. "రెక్క మీద కుట్లు చూడు. మగాడికి రెక్క చివర ఆ కుట్ల మధ్య మూడు గదులు, మధ్య గది మూసుంది. ఈవిడకి తెరిచుంది. ముఖం మీద చార వాడికి కంటి కింద దాకా వెళ్ళింది. ఈవిడకి సగం దారిలో ఆగింది. పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసినంత మాత్రాన మొగుడూ పెళ్ళాలు అయిపోతారా?"

కోడలు వంగి చూసింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. గది తెరిచే ఉంది.

ఎనిమిది నెలలు. ఆడదాని వర్ణన అరపేజీ, బొమ్మలు నాలుగు. అన్నీ పరాయివాడి పెళ్ళానివి. అచ్చయి ఉంటే ఈపాటికి ప్రపంచంలో పచ్చదోమలు తెలిసిన నలుగురూ కడుపుబ్బా నవ్వుకుని ఉండేవాళ్ళు. ప్రిన్సిపాలు కుర్చీలు మోయించేవాడు.

"ఆడదాన్ని తీసేసి మగదాన్నే రాసి పంపితే?" అంది తనలో తాను. "ఉన్నది ఒకే ఒక్క మగది. ఒక్కదాన్ని చూపించి జాతి అంటే ఒప్పుకోరు. పైగా ఆడదాన్ని సరిచూడమంటే మాయం చేసిందేమిటంటారు."

"అసలు పెళ్ళాం ఎక్కడుంటుంది?"

"వాడు దొరికినచోటే."

అత్తగారు లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. దిండుగలీబు అంచు మీద పది నిమిషాలు కుట్టింది. సూదిలో దారం లేదని కోడలు చూసింది, చెప్పలేదు.

మిషను ఆగింది.

"తప్పు జత కట్టి బయటికి పంపితే కుట్టినవాళ్ళ పేరు పోతుంది," అంది అత్తగారు. లోపలికి వెళ్ళి, చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "నేను ఆవిడ ఇంటికి వెళ్ళడం లేదు. పురుగు దగ్గరికి వెళ్తున్నాను. అది ఆవిడ ఇంట్లో ఉంటే నేనేం చెయ్యను," అంది.

చిన్నత్తగారు తలుపు తీసింది. మూతికి అడ్డంగా గుడ్డ, చేతులకి రబ్బరు తొడుగులు, భుజానికి మందు కొట్టే పంపు. గుడ్డ పైనుంచి కళ్ళు ముందు కోడల్ని చూశాయి, తరవాత ఆమె వెనకాల నిలబడ్డ మనిషిని చూశాయి. అక్కడే ఉండిపోయాయి.

"అమ్మాయ్, మీ అత్తగారు దారి తప్పారా?" అంది.

"అమ్మాయ్, మీ చిన్నత్తగారితో చెప్పు, ఆ చేతిలోది కింద పెట్టమని," అంది అత్తగారు.

"నా తీగకి జబ్బు చేసింది. ఆకులన్నీ తెల్లచుక్కలు పడి పాలిపోయాయి. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నేను ఏ పేషెంటునీ గాలికి వదల్లేదని చెప్పు."

"చిన్నత్తయ్యా, ఆ జబ్బే మాకు కావాలి," అంది కోడలు. "ఎంతవరకు కొట్టారు?"

"సగం పందిరి."

కోడలు పెరట్లోకి పరుగెత్తింది. తూర్పువైపు ఆకులు తడిసి మెరుస్తున్నాయి, మందు కంపు కొడుతోంది. వాటి మీద కదిలేది ఏదీ లేదు. పడమటివైపు ఇంకా పొడిగా ఉంది. ఒక ఆకు తిప్పింది. ఏదో చటుక్కున పక్కకి నడిచి ఆకు వెనక్కి తప్పుకుంది.

"ఉన్నాయి," అంది. "ఒక్క గంట ఆగండి చిన్నత్తయ్యా. తరవాత మీ ఇష్టం."

"అడుగుతున్నది ఎవరు? నువ్వా, ఆవిడా?"

కోడలు పక్కకి తప్పుకుంది. ఆ ప్రశ్నకి తను జవాబు కాదని తెలుసు. చిన్నత్తగారు పంపు పిడి మీద చెయ్యి తియ్యలేదు. అత్తగారు పందిరి గుంజ వైపు చూసింది, ఆకుల వైపు చూసింది, తన చెప్పుల వైపు చూసుకుంది.

"నేనే," అంది. "అడుగుతున్నాను."

"ఎవర్ని?"

"నిన్నే."

చిన్నత్తగారు పంపు దించి గోడకి ఆనించింది. మూతిగుడ్డ విప్పి మడతపెట్టింది. "గంట అంటే గంటే," అంది.

పని మొదలైంది. కోడలు గాజు గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస పురుగు మీద ఉంచి పీల్చగానే, అది గొట్టంలోంచి సీసాలో పడింది.

"నోటితోనా?" అంది చిన్నత్తగారు, నర్సు కళ్ళతో చూస్తూ.

"మధ్యలో వలగుడ్డ ఉంది చిన్నత్తయ్యా. నోట్లోకి రావు."

"బాగుంది. అవి ఆకుని పీలుస్తాయి, నువ్వు వాటిని పీలుస్తావు. నిన్ను మీ అత్తగారు."

"నాకు వినపడుతోంది," అంది అత్తగారు, పక్క కొమ్మ దగ్గర్నుంచి.

పురుగులు మహా గడుసువి. ఆకుకి ఇటు కోడలు వస్తే అటు తప్పుకున్నాయి. చివరికి చిన్నత్తగారే ఉండబట్టలేక ముందుకొచ్చింది. రోగి చెయ్యి పట్టుకున్నంత మెత్తగా ఆకు కాడ పట్టుకుని, నరం కోసం వెతికినట్టు రెండువేళ్ళతో నొక్కి నిలిపింది. "నువ్వు అటునుంచి చెయ్యి అడ్డం పెట్టు," అంది ఎవర్నీ చూడకుండా. అటువైపున్నది అక్కే. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. పురుగు ఇరుక్కుంది. కోడలు పీల్చింది.

గంట దాటి పావుగంటైంది. ఎవరూ గడియారం వైపు చూడలేదు. తొమ్మిది దొరికాయి.

కోడలు వెళ్ళి సూక్ష్మదర్శిని మోసుకొచ్చి చిన్నత్తగారి భోజనాల బల్ల మీద పెట్టింది. అడక్కుండానే అత్తగారు ముందు కూర్చుంది. ఒక్కోదాన్నే చూసింది. ఆరు ఆడవి, మూడు మగవి.

"మధ్య గది మూసుంది. చార కంటి కింద దాకా వెళ్ళింది. మొగుడికంటే ఒక్క నూలుపోగు పొడుగు." తల ఎత్తింది. "ఈవిడే."

కోడలు కుర్చీలో కూలబడింది.

"నన్నూ చూడనీ," అంది చిన్నత్తగారు.

"నీకు కనిపించదు. కళ్ళలో శుక్లాలు కదా."

"ఆపరేషనై ఆరేళ్ళయింది. నీకెవరు చెప్పారు?"

అత్తగారు కుర్చీలోంచి లేచి, దాన్ని చెల్లెలి వైపు జరిపింది. "వారం రోజులు నీ కిటికీలో దీపం వెలగలేదు. ఏమైందో వాకబు చెయ్యకుండా ఎలా ఉంటాను," అంది, కిటికీలోకి చూస్తూ.

చిన్నత్తగారు గబగబా సూక్ష్మదర్శిని మీదికి వంగింది. అవసరమైనదానికంటే ఎక్కువసేపు అలాగే ఉంది.

అప్పుడే వీధిలో బూట్ల చప్పుడైంది. ఇంటికి తాళం చూసి, గోడ అవతల తల్లి గొంతు విని, లిఫ్టు మెకానిక్కు పరుగున వచ్చాడు. పిన్ని ఇంట్లో, పిన్ని బల్ల దగ్గర తల్లి నిలబడి ఉండటం చూసి అతని మొహం పాలిపోయింది.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు," అంది చిన్నత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక పేరు పెట్టాలిగా, ఆ మాటే అడగబోతున్నాను."

అతను సంచి నెమ్మదిగా కింద పెట్టాడు. భార్య వైపు తిరిగాడు. "నాకు చెప్పనేలేదే," అన్నాడు.

"పురుగుకండీ."

"ఓ," అన్నాడతను. సంతోషించాలో లేదో తెలియక గోడవారగా కూర్చున్నాడు.

"ఏం పేరు పెడతావు?" అంది చిన్నత్తగారు.

"అనుకోలేదు ఇంకా. నా పేరు నేను పెట్టుకోకూడదు, మర్యాద కాదు. సాయం చేసినవాళ్ళ పేరు పెట్టొచ్చు. లాటిన్ తోక ఒకటి తగిలిస్తారు."

"అయితే మీ అత్తగారి పేరే పెట్టు. పక్కవాళ్ళ రసం పీల్చి బతికేదేగా."

"చిన్నత్తగారి పేరు పెట్టు. సూటిగా నడవదు, పక్కకే నడుస్తుంది. అడిగితే గెంతుతుంది," అంది అత్తగారు.

ఇంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఊరుకోక కోడలు, తన విద్య మీద గౌరవం కొద్దీ, ఒక మాట చెప్పింది. "ఒకసారి పెట్టిన పేరు ఇక మారదండీ. రెండువందల ఏళ్ళ కిందట పెట్టినవి కూడా ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మనం పోయాక కూడా, ప్రపంచంలో ఈ పురుగు గురించి ఎవరు రాసినా ఆ పేరుతోనే రాయాలి."

అక్కాచెల్లెళ్ళు ఒకేసారి తల ఎత్తారు.

"రెండువందల ఏళ్ళా," అంది చిన్నత్తగారు.

"ప్రపంచమంతా," అంది అత్తగారు.

కోడలికి అప్పుడు అర్థమైంది, ఏం చేసిందో.

"నాకెందుకు లేమ్మా పేర్లూ అవీ," అంది చిన్నత్తగారు నెమ్మదిగా. "తీగ నాదైనంత మాత్రాన."

"నాకు మాత్రం ఎందుకు," అంది అత్తగారు ఇంకా నెమ్మదిగా. "ఆ తప్పుడు పెళ్ళాన్ని పట్టుకున్నంత మాత్రాన."

"అక్క పేరే పెట్టు."

"లేదు లేదు, చెల్లెలి పేరే పెట్టు."

ఆ కుటుంబంలో 'లేదు లేదు' అన్నదానికి అర్థమేమిటో పెళ్ళైన మొదటి ఏడాదిలోనే నేర్చుకున్న కోడలు, ఏమీ అనకుండా సీసాలు సర్దుకుంది. లిఫ్టు మెకానిక్కు లేచి సూక్ష్మదర్శిని ఎత్తుకున్నాడు. ఇరుక్కున్న లిఫ్టులో తొందరపడి మీట నొక్కకూడదని అతనికి తెలుసు.

గేటు దాకా సాగనంపుతూ చిన్నత్తగారు కోడలి మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. "మిగతా సగం పందిరికి మందు కొట్టను. నీ పురుగులు నీకెప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి పీల్చుకో. నేనేమీ ఆశించి అనడం లేదు," అంది.

ఇంట్లో, అన్నం దగ్గర, అత్తగారు కోడలి కంచంలో ముందు వడ్డించింది. కోడలు వచ్చిన ఈ ఐదేళ్ళలో ముందు వడ్డన కొడుక్కే. "మిషను తీసేస్తాను, బల్లంతా నువ్వే వాడుకో," అంది. "నేనేమీ ఆశించి అనడం లేదు."

మగవర్ణన పూర్తైంది. ఆడవర్ణన పూర్తైంది. కొలతలు, గదులు, చారలు, ముళ్ళ వరసలు అన్నీ కుదిరాయి. వాటిలో ఒక్క 'కొంచెం' లేదు. కాయితం పైన, మధ్యలో, జాతి పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

గురువారం పొద్దున్నే కోడలు ఆ కాయితం ముందు కూర్చుంది. కలం మూత తీసింది, పెట్టింది. "మీరేమంటారు?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇవాళ తొందరగా వెళ్ళాలి. పన్నెండో అంతస్తులో ఎవరో ఇరుక్కున్నారు," అన్నాడతను, లేసులు కూడా కట్టుకోకుండా.

అతను తీసిన తలుపు మూసుకోలేదు. గుమ్మంలో చిన్నత్తగారు నిలబడి ఉంది, పదకొండేళ్ళ తరవాత మొదటిసారి, చేతిలో మూత పెట్టిన వేడి గిన్నెతో. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అత్తగారు వచ్చింది, చేతిలో మూత పెట్టిన ఇంకో వేడి గిన్నెతో.

అక్కాచెల్లెళ్ళు ఒకరి గిన్నె ఒకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కోడలి ముందున్న కాయితం వైపు చూశారు.

"రాశావా?" అన్నారు, ఒక్క గొంతుతో.